కొండ ఏటిలో ట్రౌట్ ఎందుకు తగలడం లేదు?

మీ ప్రశ్నలోని వివరాలను ముందుగా ఒకచోట చేర్చుకుంటాను. మీరు మూడుసార్లు కొండ ఏటికి వెళ్లారు. నీరు తేటగా ఉంది, ట్రౌట్‌లు (చల్లటి నీటిలో బతికే చేపలు) కంటికి కనిపించాయి, కొన్ని పైకి లేచి పురుగులను తినడం కూడా చూశారు. మీ దగ్గర 9 అడుగుల 5వ నంబరు రాడ్ (గాలపు కర్ర; నంబరు అది విసిరే లైను బరువుకు గుర్తు) ఉంది, డబ్బా నిండా ఫ్లైలు, అంటే కొక్కేనికి ఈకలూ దారమూ చుట్టి చేసిన పురుగు బొమ్మలు, ఉన్నాయి. నడుము లోతు నీటిలో నిలబడి దాదాపు అవతలి ఒడ్డు వరకు విసిరినా ఒక్క చేపా ముట్టలేదు. ఇంకా దూరం విసరడానికి 10 అడుగుల రాడ్ కొనుక్కోవాలా, లేక ఫ్లైలనే మార్చుకోవాలా అని అడిగారు. నా ఉద్దేశంలో లోపం రాడ్‌లోనూ లేదు, ఫ్లైలలోనూ లేదు. మీకూ చేపకూ మధ్య నీటి మీద పరుచుకుని ఉన్న లైనులో, అంటే రాడ్‌తో విసిరే లావాటి దారంలో, ఉంది. దాన్ని ఎంత తగ్గించగలిగితే మీ అవకాశం అంత పెరుగుతుంది. కొండ ఏటిలో దూరం విసరవలసిన సందర్భాలు చాలా తక్కువ.

కారణం చెబుతాను. మామూలు గాలంలో సీసపు గుండు బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లైకి చెప్పుకోదగ్గ బరువేమీ ఉండదు కనుక ఇక్కడ విసిరేది లైను బరువునే. 5వ నంబరు లైనులో ముందుభాగపు 30 అడుగులు సుమారు 9 గ్రాములు తూగుతాయి. రాడ్‌ను వంచేది, వంపు విడిచినప్పుడు గాలిలో ముందుకు చుట్ట విప్పుకుంటూ వెళ్లేది ఆ 9 గ్రాములే. గాలిలో మనకు అంత ఉపకారం చేసిన లైను నీటిని తాకిన మరుక్షణం నుంచి అపకారం మొదలుపెడుతుంది. కొండ ఏరు ఒకే వేగంతో పారదు. ఒక బండకు ఇటువైపు వడిగా, అటువైపు నిదానంగా, మధ్యలో వెనక్కి తిరుగుతూ, నాలుగు అడుగుల వెడల్పులోనే నాలుగైదు పాయలుగా పారుతుంది. మీరు నిలబడిన చోటికీ చేప ఉన్న చోటికీ మధ్య సెకనుకు 60 సెంటీమీటర్ల వేగంతో పారే పాయ ఉందనీ, చేప ఉన్న నిదానపు నీరు సెకనుకు 20 సెంటీమీటర్లే కదులుతుందనీ అనుకోండి. రెండు సెకన్లలో మధ్య పాయ మీద పడ్డ లైను ఫ్లై కంటే 80 సెంటీమీటర్లు దిగువకు పోతుంది. అంత వదులు లైనులో లేకపోతే ఫ్లై తానున్న నీటిని విడిచి, వడి పాయ వైపు అడ్డంగా ఈడ్చుకుపోతుంది. దీన్ని అందరూ డ్రాగ్ అంటారు; నేను ఈడ్పు అంటాను. నీటిలో కొట్టుకొచ్చే పురుగు సాధారణంగా ఏటికి అడ్డంగా గీత గీస్తూ ఈదదన్న సంగతి ట్రౌట్‌కు పుట్టిన కొద్ది వారాలలోనే తెలిసిపోతుంది.

ఈడ్పు ఎప్పుడూ కంటికి కనిపించేంత పెద్దదిగా ఉండదు, చిక్కంతా అక్కడే ఉంది. వెనుక చిన్న నీటిగీత వస్తే మీకూ కనిపిస్తుంది, మళ్లీ విసురుతారు. ఫ్లై చక్కగా తేలిపోతున్నట్టే కనిపిస్తూ, నీటి కంటే కాస్త నిదానంగానో, కాస్త పక్కకు జరుగుతూనో పోతే పది మీటర్ల దూరంలోని మనకు తెలియదు. దాని కింద 30 సెంటీమీటర్ల లోతులో ముక్కు పైకెత్తి చూస్తున్న చేపకు తెలుస్తుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. ఫ్లై పడిన చోట దాని పక్కనే ఒక నురగ బుడగను ఎంచుకుని, ఫ్లైని కాక ఆ రెంటి మధ్య ఎడాన్ని చూడండి. ఆ ఎడం మొదటి నుంచి చివరి వరకు మారకపోతే మీ ఫ్లై స్వేచ్ఛగా పోతున్నట్టు. అరచేతి మందం మేర ఆ ఎడం మారినా ఈడ్పు మొదలైనట్టే. మీరు ఇంతవరకు విసిరిన వాటిలో ఎన్నింటిలో ఆ ఎడం మారకుండా మూడు సెకన్లు నిలిచిందో ఈసారి లెక్కపెట్టి చూసుకోండి. నేను మొదటిసారి లెక్కపెట్టినప్పుడు ఇరవైకి రెండు వచ్చాయి.

నాకు ఈ విషయం ఎవరూ చెప్పలేదు. ఒక చిక్కుముడి నేర్పింది. మొదటి ఏడాది నేనూ మీలాగే మోకాళ్లు దాటిన నీటిలో నిలబడి అవతలి గట్టు కింద నీడలోకి విసిరేవాణ్ని. ఒక మధ్యాహ్నం గాలికి లీడర్, అంటే లైను కొనకూ ఫ్లైకీ మధ్య కట్టే సన్నని పోగు, పక్షిగూడులా చుట్టుకుపోతే, విసుగ్గా ఒడ్డుకు వచ్చి ఒక బండ మీద కూర్చుని విప్పడం మొదలుపెట్టాను. ఇరవై నిమిషాలు పట్టింది. చివరి ముడి విప్పి తలెత్తేసరికి, అంతకుముందు నా కాళ్లు ఉన్న చోటే, నా బూటు ఆనించుకున్న రాయి వెనకే, జానెడు పొడవున్న ట్రౌట్ ఒకటి తోక మాత్రం కదిలిస్తూ నిలబడి ఉంది. చూస్తుండగా రెండుసార్లు పక్కకు జరిగి ఏదో తిని మళ్లీ అదే చోటుకు వచ్చింది. ఆ చేప స్థానంలో నిలబడి నేను చేప కోసం వెతికాను. మీరు నడుము లోతులో నిలబడ్డానని రాసినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ రాయే.

కనుక విసరడానికి ముందు చేప ఎక్కడ ఉంటుందో ఆలోచించాలి. ట్రౌట్‌కు మూడు అవసరాలు ఉంటాయి: ఒరవడితో పోరాడకుండా నిలబడే చోటు, తన ముందు నుంచి తిండి మోసుకొచ్చే పాయ, పైనుంచి వచ్చే పక్షి నుంచి దాక్కోవడానికి కొంత లోతో నీడో గరుకు నీరో. ఈ మూడూ ఒకేచోట కుదిరేది సాధారణంగా వడి నీరూ నిదానపు నీరూ రాసుకునే అంచులో. చేప నిదానపు నీటిలో నిలబడి, పక్కనే వడి నీటిలో కొట్టుకొచ్చే పురుగును ఒక్క అడుగు జరిగి అందుకుని వెనక్కి వస్తుంది. ఒక పెద్ద బండను తీసుకుంటే, కొత్తవాళ్లందరూ దాని వెనుక నిశ్చలంగా కనిపించే నీటిలోనే విసురుతారు. బండకు ఆనుకుని ఉన్న ఆ నీరు తరచుగా సుళ్లు తిరుగుతూ పైకి ఉబుకుతుంటుంది, తిండి ఒక దారిన రాదు. అంతకంటే మంచి చోట్లు మూడు: బండకు రెండు పక్కలా సాగే అంచులు, ఆ రెండు అంచులూ దిగువన మళ్లీ కలిసే కొస, ఆ తరువాత చాలామంది ఊహించని చోటు, బండకు ముందుభాగం. నీరు బండను ఢీకొని వెనక్కి నెట్టుకునే చోట మెత్తటి దిండులాంటి నిదానపు ప్రాంతం ఏర్పడుతుంది. అక్కడి చేపకు తిండి అందరికంటే ముందు అందుతుంది. పెద్ద చేప అక్కడే ఉండడం నేను ఎన్నోసార్లు చూశాను. ఒడ్డు వెంబడి చీలమండ లోతు నీటిని కూడా వదలకండి. దగ్గరి నీటిలో ముందు విసిరి, అక్కడ ఏమీ లేదని తేలిన తరువాతే ఒక అడుగు లోపలికి వేయాలి.

ఇంత దగ్గరగా వెళితే చేప పారిపోదా అని మీరు అడగవచ్చు. అది ఎలా చూస్తుందో తెలిస్తే ఎంత దగ్గరకు వెళ్లవచ్చో తెలుస్తుంది. నీటిలోంచి పైకి చూసే చేపకు బయటి లోకమంతా ఒక గుండ్రటి కిటికీలోంచే కనిపిస్తుంది. వెలుగు నీటిలోకి దిగేటప్పుడు వంగడం వల్ల ఆ కిటికీ కోణం సుమారు 97 డిగ్రీలే. దాని వ్యాసం చేప లోతుకు రెండుంపావు రెట్లు ఉంటుంది కనుక, 30 సెంటీమీటర్ల లోతులోని చేపకు పైన 68 సెంటీమీటర్ల కిటికీ ఉంటుంది; దాని చుట్టూ నీటి ఉపరితలం అడుగు భాగాన్ని ప్రతిబింబించే అద్దమే. నీటి మట్టానికి 10 డిగ్రీల కంటే తక్కువ ఎత్తులో ఉన్నవన్నీ కిటికీ అంచున నలిగిపోయి దాదాపు గుర్తుపట్టలేని గీతగా మిగులుతాయి. లెక్క కట్టి చూడండి: 10 మీటర్ల దూరంలో ఆ 10 డిగ్రీల గీత 1.76 మీటర్ల ఎత్తున ఉంటుంది, 5 మీటర్ల దూరంలో 88 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. నిలబడితే 10 మీటర్లు, మోకాళ్ల మీద కూర్చుని కాస్త వంగితే 5 మీటర్లు. ఈ లెక్క నునుపైన మడుగు నీటికి, మన కాళ్లు నీటిమట్టం దగ్గరే ఉన్నప్పుడు వర్తిస్తుంది. ఎత్తైన గట్టు మీద నిలబడితే మీరు కొండంత కనిపిస్తారు. గలగల పారే గరుకు నీటిలో ఆ కిటికీ ముక్కలైపోతుంది కనుక ఇంకా దగ్గరకు వెళ్లవచ్చు. పైగా చేప సాధారణంగా ఎగువకే ముఖం పెట్టి నిలబడుతుంది, సరిగ్గా దాని వెనుక ఏముందో దానికి కనిపించదు. దిగువ నుంచి ఎగువకు నడవడం వెనుక ఉన్న కారణం అదే. మీ అడుగులు లేపిన బురద కూడా మీ వెనక్కే పోతుంది. దాని చూపు కంటే నేను ఎక్కువ భయపడేది రాళ్ల చప్పుడుకే. కదిలే రాయి మీద కాలు వేస్తే ఆ చప్పుడు నీటిలో చాలా దూరం పోతుంది. అడుగు మోపి, బరువు మోపడానికి ముందు ఒక్క క్షణం ఆగండి.

ఈ విధంగా 5 మీటర్లలోపుకు చేరుకున్న తరువాత విసరడం దాదాపు అవసరమే ఉండదు. 9 అడుగుల రాడ్ అంటే 2.7 మీటర్లు; చేయి చాచి రాడ్‌ను పైకెత్తి పట్టుకుంటే, 9 అడుగుల లీడర్, దానితో పాటు ఒక మీటరు లైను మాత్రమే బయట ఉంచి ఆ దూరంలోని ఏ పాయలోనైనా ఫ్లైని దించవచ్చు. నీటి మీద లైను అసలు ఉండదు, లీడర్ చివరి రెండడుగులు మాత్రమే తాకుతాయి. మధ్యలో ఎన్ని వడి పాయలున్నా అవి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఫ్లై దిగువకు వస్తున్నకొద్దీ రాడ్ కొనను కూడా అదే వేగంతో దిగువకు కదిలిస్తూ, వదులును ఎడమచేత్తో లాక్కుంటూ ఉండాలి. రాడ్ కొన ఫ్లైని నడిపించకూడదు, తోడుగా రావాలి. ఇది సోమరివాళ్లు కనిపెట్టిన అడ్డదారి అనుకోకండి. క్రీ.శ. 200 ప్రాంతపు రోమన్ రచన ఒకటి మాసిడోనియా జాలరులు ఎర్రటి ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ ఈకలు రెండు కట్టిన కొక్కెంతో చేపలు పట్టడాన్ని వర్ణించింది. వాళ్ల కర్ర ఆరడుగులు, దారం కూడా ఆరడుగులే. జపాన్ కొండ ఏళ్లలో పుట్టిన టెంకారా పద్ధతిలో ఈనాటికీ రీలు ఉండదు, సుమారు 3.6 మీటర్ల కర్ర కొనకే దారం కట్టి ఉంటుంది. చేపలను అమ్ముకుని బతికినవాళ్లు వాడిన పద్ధతి అది. రీలు లేకుండా వాళ్లకు కుదిరిన పని మనకు కుదరకపోవడానికి కారణం లేదు.

కొన్నిచోట్ల దగ్గరకు వెళ్లడం వీలుకాదు. మధ్యలో నీరు మరీ లోతుగా ఉండవచ్చు, లేదా మడుగు అద్దంలా ఉండి చేప ముందే చూసేయవచ్చు. అప్పుడు విసిరే క్షణంలోనే వదులును లైనులో పెట్టాలి. లైను గాలిలో ముందుకు విప్పుకుంటుండగా, అది నీటిని తాకే లోపు, రాడ్‌ను చేయి చాచినంత మేర ఎగువ వైపుకు పక్కగా వాల్చండి. ఫ్లై అనుకున్న చోటే పడుతుంది, లైను మాత్రం ఎగువన పడుతుంది. వడి పాయ ఆ లైనును ఫ్లైకి ఎదురుగా తీసుకొచ్చేవరకు మీకు రెండు మూడు సెకన్లు దక్కుతాయి. దీన్ని రీచ్ కాస్ట్ అంటారు. నీటి మీద పడ్డ తరువాత లైనును ఎగువకు ఎత్తి వేయడం కూడా ఉంది కానీ, కొత్తలో అది ఫ్లైని కదిలించేస్తుంది కనుక ముందు రీచ్ కాస్ట్‌నే సాధన చేయమంటాను. మీరు నిలబడి విసిరే పద్ధతిలో లోపం ఉందని నాకు అనిపించలేదు. లైను నిటారుగా చాచుకుని పడుతోందని గర్వంగా రాశారు. అంత నిటారుగా పడడమే ఇక్కడ ఇబ్బంది. కాస్త వంకరటింకరగా పడనివ్వండి.

ఒక్క చోట గురించి ప్రత్యేకంగా చెప్పాలి, అది మడుగు తోక. మడుగులోని నీరు దిగువన పల్చబడి, అంచు దాటి కిందికి జారే ముందు ఒక నున్నటి గాజుపలకలా ఉంటుంది. సాయంత్రంవేళ పెద్ద చేపలు అక్కడికి దిగివచ్చి పైపైనే తింటాయి. మీరు దిగువన నిలబడి విసిరితే లైను సరిగ్గా ఆ జారుడు అంచు మీద పడుతుంది, అక్కడ నీటి వేగం మడుగు వేగానికి ఎన్నో రెట్లు, ఫ్లై పడీపడగానే వెనక్కి దూసుకొస్తుంది. నేను చెడగొట్టుకున్న అవకాశాలలో సగం ఇక్కడివే. అంచుకు దిగువనున్న బండ చాటున మోకాళ్ల మీద కూర్చుని, రాడ్‌ను నిలువునా పైకెత్తి, లైను ఏదీ అంచును తాకకుండా లీడర్‌ను మాత్రమే మడుగులోకి వేయాలి. బండే లేకపోతే పక్క గట్టు మీద పాకుతూ వెళ్లి చేపకు సమాంతరంగా చేరడం మేలు.

పైకి లేచే చేపలు కనిపించనప్పుడు నింఫ్, అంటే నీటి అడుగున ఉండే పిల్లపురుగును పోలిన, మునిగే ఫ్లై, వాడాలి, కొండ ఏటిలో రోజులో ఎక్కువ భాగం ఇదే పరిస్థితి. అడుగున రాళ్ల రాపిడి వల్ల అక్కడి నీరు ఉపరితలం కంటే బాగా నిదానంగా కదులుతుంది. చేపా అక్కడే ఉంటుంది, తిండీ ఆ వేగంతోనే వస్తుంది. పైన బెండులాంటి ఇండికేటర్ కట్టి దాని కింద నింఫ్ వేలాడదీసినవాళ్లు చేసే పొరపాటు ఇక్కడే అర్థమవుతుంది. ఇండికేటర్ పక్కనున్న నురగతో సమానంగా పోతోందంటే, అది అడుగునున్న నింఫ్‌ను అక్కడి నీటి కంటే వేగంగా లాక్కుపోతోందన్నమాట. డ్రై ఫ్లై, అంటే నీటి మీద తేలే ఫ్లై, బుడగతో సమానంగా పోవాలి, ఇండికేటర్ మాత్రం బుడగ కంటే వెనకబడాలి. అలా వెనకబడుతోందంటే నింఫ్ అడుగుకు చేరి దాన్ని పట్టి ఉంచుతోందని అర్థం. త్వరగా మునగడానికి టంగ్‌స్టన్ పూస ఉన్న నింఫ్ ఎంచుకోండి; ఇత్తడి సాంద్రత సుమారు 8.5 అయితే టంగ్‌స్టన్‌ది 19.3, అంటే అదే పరిమాణంలో రెట్టింపు పైన బరువు. అప్పుడప్పుడు కొక్కెం రాయికి తగలకపోతే మీరు చేపల నెత్తి మీదుగా పోతున్నారు. నాలుగైదు నింఫ్‌లు పోగొట్టుకునే రోజు మంచి రోజని నేను అనుకుంటాను.

ఫ్లైల గురించి మీరు చాలా రాశారు, నేను తక్కువే చెబుతాను. నీటిలోంచి అరచేతి కంటే పెద్ద రాయిని ఒకదాన్ని తీసి అడుగు భాగం చూడండి. చిన్న గులకలతో కట్టుకున్న గొట్టాలు అంటుకుని ఉంటే అవి కాడిస్ పిల్లపురుగులవి. పొట్టకు రెండు పక్కలా మొప్పలు అల్లాడిస్తూ, సాధారణంగా మూడు తోకలతో చదునుగా పరిగెత్తేవి మేఫ్లై అనే పురుగు పిల్లలు, అసలు నింఫ్‌లు. రెండు తోకలు, రెండు జతల రెక్కల మొగ్గలతో నిదానంగా పాకేవి స్టోన్‌ఫ్లైలు. ఇవి రెక్కలు విప్పడానికి ఒడ్డు రాళ్ల మీదికి పాకి వస్తాయి కనుక, రాళ్లకు అంటుకుని ఉన్న ఎండిపోయిన పొట్టులు చూస్తే రాత్రి ఏం జరిగిందో తెలుస్తుంది. రాయి కింద చూసినదాని పరిమాణానికి, ముదురు లేత రంగుకు సరిపోయే ఫ్లై చాలు, అచ్చు పోలిక అక్కర్లేదు. ఇంగ్లండ్‌లోని ఏవన్ నదిని కనిపెట్టుకుని ఉండే ఉద్యోగి ఫ్రాంక్ సాయర్ కట్టిన ఫెసెంట్ టెయిల్ నింఫ్‌కు కాళ్లే లేవు. ఈదే నింఫ్ కాళ్లను ఒంటికి అదిమిపెట్టుకుంటుందని ఆయన గమనించారు. దారానికి బదులు సన్నని రాగితీగతో ఫెసెంట్ అనే పక్షి తోక ఈక పోగులను చుట్టారు, అంతే. 1922లో మిషిగన్‌లో లెనార్డ్ హాలడే కట్టిన ఆడమ్స్ అనే బూడిదరంగు డ్రై ఫ్లై ప్రత్యేకంగా ఏ ఒక్క పురుగునూ పోలి ఉండదు, అయినా ప్రపంచమంతటా చేపలు దాన్ని తింటూనే ఉన్నాయి. 12 నుంచి 16 వరకు కొక్కెం నంబర్లలో ఆడమ్స్, ఎల్క్ హెయిర్ కాడిస్ అనే డ్రై ఫ్లై, పూస ఉన్న ఫెసెంట్ టెయిల్, ఎండాకాలంలో ఒక చీమ ఫ్లై, ఒక పెంకుపురుగు ఫ్లై, ఇవి ఉంటే నేను నిశ్చింతగా బయలుదేరతాను. నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుందని గుర్తుంచుకోండి. చేప నిరాకరిస్తే ముందు నిలబడే చోటు మార్చండి, తరువాత లోతు, తరువాత ఫ్లై పరిమాణం, అన్నిటికీ చివర ఫ్లై రకం. మీరు ఈ వరుసను తలకిందులుగా పాటిస్తున్నారు.

లీడర్ చివరి పోగు, అంటే టిప్పెట్, 5ఎక్స్ ఉంటే చాలు. ఆ ఎక్స్ లెక్క వింతగా ఉంటుంది కానీ తేలికే: 11లోంచి ఆ అంకెను తీసివేస్తే అంగుళంలో వెయ్యో వంతులలో మందం వస్తుంది. 5ఎక్స్ అంటే 0.006 అంగుళాలు, సుమారు 0.15 మిల్లీమీటర్లు. సన్నని టిప్పెట్ చేపకు కనిపించదని అంటారు; నాకు మాత్రం దాని అసలు ప్రయోజనం మెత్తదనమే అనిపిస్తుంది, గట్టి పోగు చిన్న ఫ్లైని తనతోపాటు తిప్పేస్తుంది, మెత్తటిది దాని మానాన దాన్ని వదిలేస్తుంది. ఇక్కడా ఈడ్పు సంగతే. ముడిని బిగించే ముందు నాలుకతో తడపండి, పొడి ముడి రాపిడి వేడికి బలహీనపడుతుంది.

చేప డ్రై ఫ్లైని తీసుకున్నప్పుడు కంగారుగా గుంజకండి, నోరు మూసుకుని తల కిందికి తిప్పేంత వ్యవధి ఇచ్చి రాడ్ కొనను పైకెత్తితే చాలు. నింఫ్ విషయంలో ఆ వ్యవధి ఉండదు, లీడర్ ఆగినా ఉలిక్కిపడినా వెంటనే ఎత్తాలి. తగిలాక రాడ్‌ను నిలువుగా కాక పక్కకు, నీటికి దగ్గరగా వంచి లాగితే చేప తల తిరిగి త్వరగా అలుస్తుంది. అది దిగువకు పరిగెత్తితే మీరు కూడా ఒడ్డు వెంబడి దిగండి. ఒరవడికి ఎదురుగా ఈడ్చుకురావాలని చూస్తే 5ఎక్స్ తెగుతుంది. వదిలేయదలచుకుంటే కొక్కెం మొన వెనుక ఉండే ఎదురుముల్లును ముందే పట్టుకారుతో నొక్కేయండి, చేతులు తడుపుకోండి, రబ్బరు వలలో నీటిలోనే ఉంచి కొక్కెం తీయండి. ఫోటో కోసం పైకెత్తితే పది సెకన్లలోపు దించాలి. ఎగువకు ముఖం పెట్టి వదులుగా పట్టుకుంటే, బలం వచ్చాక తనే చేతిలోంచి జారిపోతుంది.

వెళ్లే వేళ కూడా మీకు వ్యతిరేకంగా ఉందేమోనని నా అనుమానం. మీరు రెండుసార్లు మిట్టమధ్యాహ్నం మొదలుపెట్టి సాయంత్రం వరకు ఉన్నారు. మంచు కరిగి వచ్చే ఏటికి రోజూ ఒక లయ ఉంటుంది: తెల్లవారుజామున నీరు తక్కువగా, తేటగా ఉంటుంది, ఎండ ఎక్కిన కొన్ని గంటలకు పైనుంచి కరిగిన నీరు వచ్చి మట్టం పెరుగుతుంది, రంగు మారుతుంది. హిమానీనదాల నుంచి వచ్చేదైతే రాతిపొడి కలిసి పాలలా తెల్లబడుతుంది. నేను చేరగానే నీటి అంచున ఒక తెల్లటి రాయిని సరిగ్గా తడి తాకేలా పెట్టి, అరగంటకోసారి దాన్ని చూస్తాను. రాయి మునిగిందంటే, అవతలికి దాటి ఉంటే తిరిగి వచ్చే దారి మూసుకుపోతోందని గుర్తు. ఎగువన ఆనకట్ట ఉంటే ఎండా వానా లేకుండానే నీరు పెరగవచ్చు కనుక అక్కడ ఇంకా జాగ్రత్తగా ఉండాలి. జేబులో ఒక థర్మామీటరు కూడా పెట్టుకోండి. 10 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ మధ్య ట్రౌట్ చురుగ్గా తింటుంది. 5 కంటే తగ్గితే బద్ధకంగా అడుగున పడి ఉంటుంది. 20 దాకా చేరితే పట్టడం ఆపేయాలి. 10 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలదు, 20 డిగ్రీల నీటిలో అది 9కి పడిపోతుంది, అదే సమయంలో చేపకు అవసరం పెరుగుతుంది. అలాంటి నీటిలో పోరాడిన చేపను ఎంత జాగ్రత్తగా వదిలినా బతకకపోవచ్చు.

నడుము లోతు నీటిలో నిలబడడం మానేయమని చేపల కోసం మాత్రమే చెప్పలేదు. వడి ఉన్న కొండ ఏటిలో మోకాలు దాటితే కాలు నిలవడం కష్టం. చేతికర్ర పట్టుకుని, ఎగువకు ముఖం పెట్టి, ఒక కాలు కుదుటపడ్డాకే రెండో కాలు జరుపుతూ, కాళ్లు పెనవేసుకోకుండా పక్కకు నడవాలి. వేడర్ (నీటిలో దిగడానికి వేసుకునే, నీరు చొరని దుస్తు) వేసుకుంటే నడుము బెల్టు బిగించాలి. ఒకవేళ కొట్టుకుపోతే లేచి నిలబడాలని చూడకండి, పాదం రాళ్ల మధ్య ఇరుక్కుంటే ఒరవడి మిమ్మల్ని ముందుకు తోసి ముంచేస్తుంది. వెల్లకిలా తేలుతూ పాదాలు దిగువకు పెట్టి, ఒడ్డు వైపు చేతులతో ఈదుతూ నిదానపు నీటికి చేరాలి. ఉరుము వినిపిస్తే కార్బన్ రాడ్‌ను కింద పెట్టి దూరంగా వెళ్లండి, అది విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది.

బ్రౌన్ ట్రౌట్ శరదృతువు నుంచి గుడ్లు పెడుతుంది, రెయిన్‌బో ట్రౌట్ ఎక్కువగా వసంతంలో పెడుతుంది. గులకల మధ్య చాప పరిచినంత మేర నాచు లేకుండా శుభ్రంగా, లేతరంగులో కనిపించే చోటు వాటి గూడు. దాని మీద అడుగు వేయకండి, దాని మీదున్న చేపలకు విసరకండి. ఆ నెలల్లో ఏరు మూసి ఉంచే నియమం మీరు వెళ్లే చోట ఉందో లేదో ముందే తెలుసుకోండి. మరొక ఏటికి వెళ్లే ముందు బూట్లను కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. న్యూజిలాండ్‌లో 2004లో డిడిమో అనే నాచు బయటపడి నది నుంచి నదికి పాకడంతో, తడిని పట్టి ఉంచే ఫెల్ట్ (ఒత్తుగా నొక్కిన గుడ్డ) అడుగు ఉన్న బూట్లను 2008లో నిషేధించవలసి వచ్చింది.

ఇక రాడ్ సంగతి. 10 అడుగుల రాడ్ నింఫ్‌కు నిజంగానే బాగుంటుంది, అయితే దూరం విసరడానికి కాదు, ఆ అదనపు అడుగు లైనును నీటికి పైన ఎత్తి పట్టుకోవడానికి. చెట్ల కొమ్మలు ఏటి మీదికి వంగిన చోట అదే అడుగు అడ్డు కూడా అవుతుంది. అక్కడ 7 లేదా 8 అడుగుల 3వ నంబరు రాడ్ హాయి. మీరు ఇప్పుడే ఏదీ కొనకండి. ఉన్న రాడ్‌తోనే ఈసారి వెళ్లి, రాడ్ కొన బయట ఒక మీటరు లైను వచ్చిన చోట సన్నని రంగుదారంతో గుర్తు కట్టుకోండి. ఆ గుర్తు దాటి లైను బయటకు తీయకుండా ఒక పూటంతా గడపండి. గుర్తు చాలడం లేదనిపించిన ప్రతిసారీ, ముందు ఒక అడుగు దగ్గరకు జరగడానికి వీలుందేమో చూడండి. ఎన్నిసార్లు వీలుకాలేదో, ఆ చోట్లు ఎలా ఉన్నాయో రాస్తే, 10 అడుగుల రాడ్ అవసరమో కాదో అప్పుడు చెప్పగలను.